మంచులో మా బావమరిది

పది రోజుల కిందట పెరట్లో నాచు మీద కాలు జారి పడ్డాను. ఎముకలేవీ విరగలేదు గానీ, అప్పటినుంచి ఇంట్లోవాళ్లు నన్ను వరండా దాటనివ్వడం లేదు. నిజం చెప్పాలంటే మెట్టు దిగడానికి నాకే భయంగా ఉంది. ఊరికే కూర్చోలేక పాత డైరీలను ఏళ్లవారీగా సర్దుతుంటే, నీలం అట్ట డైరీలో ఒక పేజీ నిండా పెన్సిలు గీతలు కనిపించాయి. అవి మా బావమరిది మంచులో పడ్డ లెక్క.

ఆ ఏడు వేసవిలో అతను ముసునూరు తోటలో చిన్నరసం మామిడి చెట్టు మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు అతుక్కుంది, భయం వదల్లేదు. కోతల్లో కూలీలకంటే ముందు కొమ్మెక్కి కాయ దించే మనిషి, నిచ్చెన చూస్తే పక్కకు తప్పుకునేవాడు. చెట్టెక్కలేనివాడికి తోటెందుకని, వచ్చే కాపు దిగాక చెట్లన్నీ కొట్టించి ఆయిల్ పామ్ వేస్తానని తేల్చేశాడు. అవి మా మామగారు నాటిన చెట్లు. మా ఆవిడ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

కాస్త మనసు మళ్లుతుందని, పూతకు ముందు తీరిక రోజుల్లో అతన్నీ, హిందీ వచ్చిన నా ఆఫీసు మిత్రుణ్నీ వెంటబెట్టుకుని, హిమాలయాల్లో స్కీయింగ్ నేర్పే ఒక కొండ ఊరికి వెళ్లాను. శని, ఆదివారాలు అక్కడ ఉన్నాం. దిగీదిగగానే మా బావమరిది, దేవదారు కొమ్మ మంచు బరువుకు వంగిపోవడం చూసి తోటవాడి ప్రాణం ఆగక, కర్రతో దులపబోయి ఆ మంచంతా నెత్తిన పోసుకున్నాడు.

కాళ్లకు పొడుగాటి పలకలు కట్టాక, నేర్పేవాడు ముందు పడటం నేర్చుకోమన్నాడట. మిత్రుడు తెలుగులో చెప్పగానే మా వాడి మొహం పాలిపోయింది.

“పడటానికి ఇంతదూరం రావాలేంటండీ? ఆ పని మా తోటలోనే అయిపోయిందిగా!”

నేర్పేవాడు పక్కకు ఒరిగి తానే పడి చూపించాడు. శనివారం మా బావమరిది పదిహేడుసార్లు పడ్డాడు. మొదట్లో కళ్లు గట్టిగా మూసుకునేవాడు, ఏడోసారి నవ్వాడు, ఆ తర్వాత నిలబడి చూస్తున్న మమ్మల్ని పిరికివాళ్లని ఎగతాళి చేశాడు. ఆదివారం ఆరుసార్లే. సాయంత్రానికి ఒక చిన్న వాలు మీద కిందిదాకా నిలబడే జారాడు.

తిరుగు రైల్లో నా డైరీ లాక్కుని చూశాడు.

“ఇదేంటి బావా, పడ్డవే గీశారు. లేచినవి రాయరా?”

పడ్డవాడు లేవకుండా ఉంటాడా, వేరే రాయడమెందుకన్నాను.

“ఇన్ని నెలలూ నేను లేవలేదుగా,” అన్నాడు కిటికీ వైపు తిరిగి.

మరుసటి వేసవిలో కోత మొదలైన రోజున మేం తోటకు వెళ్లేసరికి, అతను నిచ్చెన మూడో మెట్టు మీద ఉన్నాడు. ఆ రోజు అంతకంటే పైకెక్కలేదు. ఆయిల్ పామ్ మాట మాత్రం మళ్లీ రాలేదు.

ఇప్పుడు చెట్లెక్కేవారే తగ్గారు. చేతికందే పొట్టి చెట్లు వేసి నేల మీదనుంచే కోసుకుంటున్నారు. మా ముగ్గురిలో ఆ మిత్రుడు ఇప్పుడు లేడు. అప్పట్లో పడితే మంచు మెత్తగా పట్టుకునేది, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. ఈ వయసులో పడితే ఇల్లంతా హడలిపోతోంది. నిన్న మా బావమరిది ఫోన్ చేసి, పూత విరగబూసింది, రారేంటన్నాడు. పడ్డానని చెప్పాను. అతను అడిగింది ఒక్కటే, లేచిన సంగతి రాశారా అని.

ఈ ఉదయం చేతికర్ర పట్టుకుని మెట్లు దిగి గేటు దాకా నడిచొచ్చాను. వచ్చి, పది రోజుల కిందటి పేజీ తీసి, ‘పెరట్లో జారి పడ్డాను’ అన్న వాక్యం పక్కన ‘లేచాను’ అని రాశాను. రేపటి పేజీలో ముందుగానే ‘ముసునూరు’ అని రాసి పెట్టుకున్నాను.