నడిపోడి కాలు

మా నారాయణఖేడ్‌లో కంగ్టి రోడ్డు మీద మోటార్లకు తీగ చుట్టే నర్మదను ఎరగనివాడు ఉన్నాడంటే వాడు నిన్ననే పుట్టి ఉండాలి. కాలిన మోటారు వాసన చూసి అది ఏ ఊరి బోరుదో చెప్పేస్తుందని చుట్టుపక్కల ప్రచారం చేసింది ఆమె దుకాణంలోనే పనిచేసే నేనే. అందులో సగం అబద్ధం. నిజమైన సగం ఏదో నాకిప్పుడు గుర్తులేదు.

ఈ ఎండాకాలం ఆమె మేనమామ సంగప్ప మోటారు మళ్లీ కాలింది. నాగల్‌గిద్ద దగ్గర ఆయన చేను, చేలోనే ఇల్లు. బోరులో నీళ్లు కాసేపు వచ్చి ఆగిపోతాయి. నీళ్లు ఆగినా మోటారు తిరుగుతూనే ఉండి లోపలి తీగ మాడిపోతుంది. నర్మద చుట్టి ఇచ్చింది. ఆయన దుకాణం మెట్టు మీంచి లేవలేదు.

"ఇదే ఆఖరు పిల్లా. మళ్ల కాలిందంటే ఇంటికి తాళమేసి, మీ అత్తను తీస్కొని పట్నం పోత. అడ్డా మీద నిలవడ్త."

"నిన్నెవలు కూలికి పిలుస్తరే సంగప్పా? నీ మీసాలు మోసెతందుకే ఇంకో కూలోడు గావాలె" అన్నాను.

"నీ నోరు బోర్ల దించితె ఊరంత నీళ్లేరా మహేందర్."

నర్మద నవ్వలేదు. ఆ పూటే కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆమె ఆలోచన ఇది: బటన్ నొక్కితే మోటారు మొదలవుతుంది. నీళ్లు పైకి వచ్చి పైపులోని తీగకు తగిలితే ఒక ట్రాన్సిస్టర్ మోటారుకు కరెంటిచ్చే స్విచ్చిని, అంటే రిలేను, పట్టి ఉంచుతుంది. తగలకపోతే వదిలేస్తుంది, మోటారు ఆగుతుంది, కాలదు.

ట్రాన్సిస్టర్‌కు మూడు కాళ్లు. ఇంగ్లీషు పేర్లు మా దుకాణంలో చెల్లవు. బరువు మోసే కలెక్టర్ పెద్దోడు. నేలకు కట్టే ఎమిటర్ చిన్నోడు. ఆ ఇద్దరి మీదా పెత్తనం చేసే బేస్ నడిపోడు, అంటే మధ్య కొడుకు. సర్క్యూట్ బోర్డు గీసే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో నర్మద గీసుకున్న ట్రాన్సిస్టర్ బొమ్మకు కూడా అవే పేర్లు: ఒకటో కాలు పెద్దోడు, రెండోది నడిపోడు, మూడోది చిన్నోడు.

పాత రకం ట్రాన్సిస్టర్ దొరకలేదు. జహీరాబాద్ దుకాణంవాడు వేరే నంబరుది ఇచ్చి, "గిదీ అదే పని జేస్తది" అన్నాడు. నర్మద పాత బొమ్మనే నకలు తీసి నంబరు మాత్రం మార్చింది. ఏ కాలు ఏ తీగతో కలవాలో కంప్యూటర్ నెట్‌లిస్ట్ రాసిచ్చింది. అది లగ్గం పెట్టే అయ్యగారి లాంటిది. పేర్లు కలిశాయా అని చూస్తుందే గానీ పిల్ల మొహం చూడదు. తప్పులు సున్నా అని చూపింది.

బోర్డు చేయించి తెప్పించాక దుకాణం ముందు తీగను చెంబునీళ్లలో ముంచాం. రిలే టక్కుమని పట్టుకుంది. నేను వేసిన ఈలకు కర్ణాటకలో కుక్కలు మొరిగాయి. తీగ బయటికి తీసి చూద్దామనేలోగా కరెంటు పోయింది.

"వచ్చినంక చూద్దం మామా, జర ఆగు."

"ఉల్లిమడి ఎండుతాంది పిల్లా" అని సంగప్ప బోర్డును కండువాలో మూటగట్టుకుని బస్సెక్కాడు.

వారం తిరగకముందే ఆయన భార్య బసమ్మ ఫోన్ చేసింది. "కాలిందే నర్మదా. పొగొచ్చింది."

మోటారు, బోర్డు రెండూ దుకాణానికి వచ్చాయి. తీగ తడిలో ఉన్నా పొడిగా ఉన్నా రిలే పట్టుకునే ఉంది. నర్మద ట్రాన్సిస్టర్‌ను ఊడదీసి మీటరుతో ఒక్కో కాలూ చూసింది. ఈ రకంలో నడిపోడు అంచున ఉన్నాడు. నడుమ నిలబడ్డది పెద్దోడు.

"పేరువెట్టింది నేనే. నడిపోడంటే నడుమనే ఉంటడనుకున్న" అంది.

"మా ఇంట్ల నడిపోన్ని నేను. ఎన్నడన్న నడుమ కూసున్ననా? బడిల దర్వాజ పక్కనే ఉంటి. అట్నుంచి అటే బయటికొస్తి."

"గా ముచ్చట ముందే చెప్పరాదు" అంది. ముఖం మాత్రం మారలేదు.

అన్నం కూడా ముట్టకుండా మోటారు చుట్టింది. లైబ్రరీలో బొమ్మ దిద్దింది. తయారైన బోర్డును మార్చలేం గనక, దాని మీద ట్రాన్సిస్టర్ కాళ్లకు రబ్బరు గొట్టాలు తొడిగి, ఒకదాని మీదుగా ఒకటి మలిచి, ఎవరి చోట వాళ్లను అతికింది. ఈసారి ముంచీ చూసింది, తీసీ చూసింది. రిలే చెప్పినట్టు విన్నది.

మేము నాగల్‌గిద్ద చేరేసరికి సంగప్ప పశువుల కొట్టం ఖాళీగా ఉంది. వాకిట్లో మూటలున్నాయి.

"కూసో మామా. ఈపారి కాలది" అంది నర్మద.

బోరులో మోటారు దించాం. బటన్ నొక్కింది. మోటారు తిరిగింది. పైపు నోట్లోంచి గాలి వచ్చింది. టక్. మోటారు ఆగింది.

మళ్లీ నొక్కింది. టక్.

"ఇంకో తప్పు ఉండాలె. ఉండే ఉంటది" అంటూ బోర్డు విప్పింది. కాళ్లను ఒక్కొక్కటే వేలితో తడిమింది. తన తప్పు దొరకాలని అంతగా వెతికిన మనిషిని నేను చూడలేదు. నేను బసమ్మ దగ్గర చెంబు తీసుకుని తీగను ముంచాను. రిలే పట్టుకుంది. తీశాను. వదిలేసింది.

కన్నడ ఊరి ఆడపడుచు బసమ్మ, "నీరు ఇల్లవ్వా" అంది. నీళ్లు లేవని చెప్పడానికి అంతకన్నా ఎక్కువ మాటలు ఖర్చు పెట్టలేదు.

"నీ బోర్డు మంచిగనే ఉన్నది పిల్లా. మోటారు కాలలే గద. తీస్కపోయి ఎవలన్న నీళ్లున్నోళ్లకు వెట్టు" అన్నాడు సంగప్ప. తర్వాత నా వైపు తిరిగాడు. "ఏమన్న చెప్పురా మహేందర్. ఎప్పుడు చెప్తవు గద."

నోరు తెరిచాను. ఒక్క అబద్ధమూ రాలేదు.

సంగప్ప తాళం వేశాడు. బసమ్మ నా చేతిలోని చెంబు తీసుకుంది. అడుగున మిగిలిన నీళ్లను ఉల్లిమడి గట్టున ఒంపి, చెంబును మూటలో దోపుకుంది.