చవిటి నేలలో మేనత్త మదుపు

మొన్నామధ్య ముక్తేశ్వరం రేవులో పడవ దిగినవాళ్లు కబురు తెచ్చారు, మా మేనత్త పోయిందని. ఏడ్చిన మాట నిజమే. కానీ ఆమెను తలచుకుంటే నాకు ఇప్పటికీ ముందు ఉత్సాహమే పొంగుకొస్తుంది, ఏం చేయను!

చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిందామె. తనదంటూ మిగిలింది ఒంటి మీద నుంచి తీసి దాచుకున్న బంగారమే. ఆనకట్ట పూర్తయి గోదావరి కాలువ అమలాపురం దిగువకు వచ్చిన ఏడు, అదంతా అమ్మి సముద్రం వైపు చవిటి నేల కొన్నది. ఉప్పెన ముంచిపోయాక గడ్డి కూడా మొలవని నేల అది. ఊరంతా నవ్వింది. పంట పండకపోతే బతికినన్నాళ్లూ అన్నగారి ముందు చేయి చాచాల్సిందే.

"దానమే చెయ్యాలనుంటే గుడికియ్యవే," అన్నారు మా నాన్నగారు.

"దానం కాదన్నయ్యగారూ, మదుపండి! ఉప్పెనలో చేలు పోయినవాళ్లే పిల్లకాలువ తవ్వి సాగు చేస్తారు. పంటలో సగం వాళ్లది, సగం నాది. వాళ్లు తింటేనే నాకూ వస్తుంది, ఆయ్."

నీళ్లు వచ్చాయి. అత్త చేను నిండా నిలబెట్టించింది. కొన్నాళ్లాగి గండి కొట్టించి మురుగు కాలువలోకి వదిలేయించింది. మళ్లీ నింపింది, మళ్లీ వదిలింది. వాన కోసం ఆకాశం చూసి బతికిన రైతు మా నాన్నగారు. గోదారమ్మను సముద్రం పాలు చేస్తోందని ప్రాణం ఉసూరుమని, ఆమె లేని వేళ చూసి గండి పూడ్చేశారు. చెల్లెలికి మేలు చేశాననే అనుకున్నారు పాపం.

తెలియగానే అత్త పరుగున వచ్చి, చీర ఎగ్గట్టి బురదలోకి దిగి చేతులతోనే గండి తవ్వసాగింది. "ఉప్పు కరిగిన నీళ్లన్నయ్యగారూ ఇవి! ఇక్కడే ఎండితే ఉప్పంతా మళ్లీ నేలలోనే ఉండిపోదాండీ?"

నాన్నగారు బిత్తరపోయారు. మరుక్షణం పంచె ఎగ్గట్టి తానూ దిగారు. ఆయన అంత వేగంగా తవ్వడం నేను మరెప్పుడూ చూడలేదు.

ఆ నేల పచ్చబడిన రోజు, నవ్విన ఊరే గట్టెక్కి చూసింది. అత్త మాత్రం పక్క చవిటి నేల ఎవరిదని వాకబు చేస్తోంది! పంటలో తన సగం పాలు అమ్మి అదీ కొన్నది. "భూమికి కోపమొస్తే బతిమాలుకోవాలి గానీ వదిలేసి పోతామట్రా?" అనేది నాతో.

దినాలయ్యాక, ఆమె చివరగా కొన్న చేనుకు వెళ్లాను. సగం ఇంకా ఉప్పుతో తెల్లగానే ఉంది. మిగతా సగంలోంచి నీళ్లు బయటికి పోతున్నాయి. ఆ చేను సగం పాలుకు సాగు చేసే ఆవిడ ఆ నీళ్లు దోసిట పట్టి నోట్లో పోసుకుంది. ఉమ్మలేదు, మింగేసింది.

"ఈ ఏడు నాట్లేనండి బాబూ! అమ్మగారుంటే ఈపాటికి ఆ పక్క చేను బేరమాడేసేవోరండి. మీరూ చూడండి!"

నేనూ దోసిలి పట్టి తాగాను. కాస్త బురద వాసన. ఉప్పు లేదు.