నన్ను పట్టుకున్నవాడు

మొన్న సెలవునాడు ఈ అరబ్బు దేశంలో, అల్ వర్సాన్‌లో మా కూలీల క్యాంపు వెనకనున్న ఇసుక జాగాలో కుర్రాళ్లు మడమలతో గీతలు గీసి కబడ్డీ ఆడుతుంటే, మెస్సులో బియ్యం కడిగి చేతులు తుడుచుకుంటూ వచ్చిన నేను ఊరుకోలేక, చిన్నప్పుడు నేను కూతకు పోతే పట్టినవాడు పుట్టలేదనీ, ఏడూళ్ల పహిల్వాన్లు నా పేరు వింటే వణికేవారనీ కోతలు కోశాను.

"ఉత్తగ కొయ్యకు కాకా, యల్లా, ఒక్క కూత పెట్టు" అని వాళ్లు నన్ను గీత దాటించారు. లుంగీ ఎగ్గట్టి కూత పెట్టుకుంటూ పోయానో లేదో, పెద్దవాణ్ని, ఎముక విరుగుతుందని అందరూ నవ్వుతూ వెనక్కి జరిగారు. అది దయేనని నాకు తెలుసు. అయినా ఆ జరగడం చూడగానే ఒళ్లు మండి, కూత ఆపేసి అక్కడే కూలబడ్డాను.

ఏడూళ్లంటే, మన ఈడువాళ్ల దగ్గర దాపరికమెందుకు, మా బడి వెనక పెరడు. పట్టినవాడు పుట్టలేదన్నది మాత్రం చాలాకాలం నిజమే. మా మాదిగవాడ పిల్లలం బడిలో వాకిలి దగ్గరే కూర్చోవాలి. పలక నేలమీద పెట్టి మేము వెనక్కి జరిగితే సారు వంగి చూసేవారు. ఆటకు మాత్రం మనుషులు చాలక నన్ను కలుపుకున్నారు. నేను గీత దాటగానే అవతలి జట్టు నాకు తగలకూడదని వెనక్కి వెనక్కి జరిగి, చివరి గీత కూడా దాటిపోయి, తనంతట తానే అవుటయ్యేది. అందుకే జట్లు పంచుకునేటప్పుడు నేను కావాలని కొట్టుకునేవారు, ఆట ముగిశాక ఒకరి భుజాలమీద ఒకరు చేతులేసుకుని నన్ను మరిచి వెళ్లిపోయేవారు.

కొన్నాళ్లు నాకూ గర్వంగానే ఉండేది. ఒకనాడు అమ్మ దగ్గర ఇలాగే కోస్తే, పొయ్యి ఊదడం ఆపి, "పట్ట చాతగాకనా, ముట్ట మనసు రాకనా బిడ్డా?" అంది.

మర్నాడు కూతకు పోయి, అవతలి గడి నడుమ కూత ఆపి కూర్చున్నాను. కూత ఆగినవాణ్ని ముట్టుకుంటేనే అవుటు, అది మా ఊరి లెక్క. సారు లెమ్మన్నారు. "పట్టుకొమ్మనుండ్రి సార్, అవుటైత, పోత" అన్నాను. పొద్దుగూకేదాకా కూర్చున్నానని అందరికీ చెబుతుంటాను గానీ, గంట కొట్టేదాకా కూడా కాదు. దగ్గరికొచ్చి కొడితే మైల కనుక సారు బెత్తం విసిరారు. వీపుకు తగిలింది, లేవలేదు. అప్పుడు, రోజూ ఓడి ఓడి ఉడికిపోతున్న మా ఊరి పటేలు కొడుకు "ఇంకెన్ని దినాలు ఓడాల్రా నీకు" అంటూ నామీద దూకి, నడుము పట్టి దుమ్ములో పొర్లించాడు. వాడికి నామీద ప్రేమేమీ లేదు, గెలవాలన్న కసి. తోటివాణ్ని ఓడించాలన్నంత కసి, నాకదే చాలింది.

వాణ్ని గడప బయటే నిలబెట్టి నీళ్లు పోశారట. బడిలో కబడ్డీ బంద్ చేశారు. నన్ను ముట్టుకోవడం కంటే ఆట మానుకోవడమే వాళ్లకు తేలికైంది. నేను మాత్రం మర్నాడు లోపలికి పోయి వాడి పక్కనే కూర్చున్నాను. లేపారు. మళ్లీ కూర్చున్నాను. లేపేవాళ్లు అలిసిపోయేదాకా కూర్చున్నాను.

అందుకే మొన్న ఇసుకలో కూర్చుని, "పట్టుండ్రిరా, లేకుంటె రాత్రికి బువ్వ ఖలాస్" అన్నాను. ఈ మధ్యే దిగిన గోదావరి కుర్రాడొకడు, "తర్వాత నన్ననకండి తాతగారూ" అంటూ వచ్చి కాలు పట్టి ఒక్క లాగు లాగాడు. బోర్లా పడ్డాను. వాడిది ఊళ్లో ఏ వాడ అని నేనడగలేదు. అడిగేవాళ్లు ఇక్కడా ఉన్నారు, పక్కకు పిలిచి మెల్లగా అడుగుతారు. మాదిగవాడ అని మెస్సంతా వినబడేలా చెప్పి, ఆ చేత్తోనే వాళ్ల పళ్లెంలో అన్నం పెడతాను, తింటే తింటారు, లేకుంటే పస్తుంటారు.

మోకాలు ఇంకా సలుపుతోంది. పటేలు కొడుకు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో. నన్ను ఓడించింది వాడొక్కడేనని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. ఇప్పుడు ఇద్దరయ్యారని వాడికి కబురు పెట్టాలనుంది.