ఇద్దరం చదవని ఉత్తరం

బాపట్లలో మేముండే వాటాకి ఎదురింటి పిల్ల నాట్యం నేర్చుకుంటోంది. మొన్న వానకి దాని గజ్జెలు అరుగు మీదే ఉండిపోయి తడిశాయి. వాళ్ళమ్మ మువ్వల్ని చింతపండుతో తోమి పిట్టగోడ మీద ఎండబెట్టింది. నేను బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. గాలి ఇటు తిరిగేసరికి తడితోలు వాసనా, తోమిన ఇత్తడి వాసనా కలిసి ముక్కుకి తగిలాయి. చేతిలో చేట అలాగే ఆగిపోయింది. తెనాలిలో కాలువ పక్కన ఒక పెంకుటిల్లు ఉండేది. ఆ ఇంటి వసారాలో ప్రతి శుక్రవారం పదకొండు జతల గజ్జెలు ఇలాగే వరసగా ఎండేవి. ఆ ఇంటి పెద్ద కామాక్షమ్మగారు. మీరెవరూ ఆవిడని చూసి ఉండరు. పేపర్లో ఫొటో పడలేదు, బిరుదులేవీ రాలేదు. నేను రాయకపోతే ఇంకెవరూ రాయరని ఇది రాస్తున్నాను.

ఆవిడ ఒక నాట్య సమాజం నడిపేవారు. వాయించేవాళ్ళూ పాడేవాళ్ళూ ఆడేవాళ్ళూ కలిసి పాతికమంది. తిరనాళ్ళకీ ఉత్సవాలకీ ఊళ్ళు తిరిగి నృత్యనాటకాలు ఆడటం వాళ్ళ వృత్తి. అయితే సమాజంలో సగం పని రంగం మీద కాదు, ఆ పెంకుటింట్లోనే జరిగేది. ఎప్పుడూ పదిమంది ఆడపిల్లలని చేరదీసి, తిండీ బట్టా పెట్టి, ఏడాది పాటు ఆట నేర్పి, ఆ తర్వాతే తెర ముందుకి పంపేవారు. చిన్నవాళ్ళని పక్కవీధి బడికి కూడా పంపేవారు. ఆవిడకి ఒక్కటే పట్టింపు. అక్షరం రాని పిల్లని చేర్చుకునేవారు కాదు. ఆడేవాళ్ళకి ఓనమాలు రావని లోకం అనుకుంటుంది, నా పిల్లల్ని ఎవరూ ఆ మాట అనకూడదు అనేవారు. మేమంతా ఆవిడని అత్తయ్యగారు అనే పిలిచేవాళ్ళం.

నేను చేరింది అరవైల మధ్యలో, పదమూడేళ్ళప్పుడు. మాది రేపల్లె పక్కన పల్లె. నాన్న లేడు. అమ్మ నాట్లకీ కోతలకీ వెళ్ళేది. బడి గుమ్మం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆట మాత్రం ఎక్కడ చూసినా కాళ్ళకి అంటుకునేది. అది చూసి ఊళ్ళో ఎవరో అమ్మకి ఈ సమాజం సంగతి చెప్పారు. తెనాలి పాసింజరులో వస్తుంటే ఆ అక్షరాల పట్టింపు సంగతి తెలిసింది. మూడో తరగతి చదివానని చెప్పమంది అమ్మ. చదవలేదుగా అన్నాను. అడిగితే గదా అంది.

అడిగారు. అత్తయ్యగారు నా చేతికి ఒక పుస్తకం ఇచ్చి, చదవమన్నారు. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని, మా అమ్మ పాడే మంగళహారతి పాట మొదలుపెట్టాను, రాగం తీయకుండా, చదువుతున్నట్టు. ఆవిడ కళ్ళు మూసుకుని, తొడ మీద వేళ్ళతో తాళం వేస్తూ విన్నారు. చివరికి, "గొంతు బాగుంది. చదువుకున్న పిల్లే, ఉండనీ," అన్నారు. ఆవిడ నా గొంతుకి పడిపోయి పుస్తకం సంగతి మర్చిపోయారనుకున్నాను. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను.

తెల్లవారుజామునే లేపేవారు. అలికిన నేల మీద సగం కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి నిలబడితే, ఆవిడ చెక్క మీద కర్రతో తాళం కొట్టేవారు. నాది మొరటు అడుగు, పొలం గట్టు మీద పెరిగిన అడుగు. కర్ర ఆపి, "నేల మీద నీకేం పగే నాంచారీ? కొట్టకు, అడిగి ఆనించు," అనేవారు. పిల్లలంతా నవ్వేవాళ్ళు. ఆ ఒక్క అడుగు సరిచెయ్యడానికి ఆవిడ తన యాభై ఏళ్ళ మోకాళ్ళతో నా పక్కన నిలబడి వందసార్లు వేసేవారు. ఎవరినీ కొట్టలేదు. తప్పు వేసినవాళ్ళతో పాటు తనూ ఆ అడుగు మళ్ళీ వేసేవారు, అంతే. దెబ్బలైతే ఓర్చుకుంటాం. మనకోసం ఒక పెద్దావిడ ఆయాసపడుతుంటే ఎలా ఓర్చుకుంటాం? సాయంత్రం పిక్కలు నెప్పులంటే గోరువెచ్చని ఆముదం రాసేవారు.

ఇంకొక ఆనవాయితీ ఉంది. పాత్ర రంగం మీదికి వచ్చేటప్పుడు పాడే పాటని దరువు అంటారు. ఎవరికి ఏ పాత్ర ఇస్తే వాళ్ళు ఆ దరువునీ మాటల్నీ సమాజం పెద్ద పుస్తకంలోంచి తమ చేత్తో నోటుబుక్కులో ఎక్కించుకోవాలి. అది ఆవిడ ఎదుట తెరిచి చదివాకే గజ్జె కట్టాలి. నాకు ఒకసారి వింటే వచ్చేసేది, చదవడానికి ఇబ్బంది లేదు. రాయడానికి విమల ఉండేది. నాకంటే రెండేళ్ళు పెద్దది, ఐదు దాకా చదివింది. దాని బట్టలు నేను ఉతికితే నా నోటుబుక్కు అది రాసేది. అత్తయ్యగారు పేజీ మీద వేలు పెట్టి అటూ ఇటూ చూసి, దస్తూరీ కుదిరింది అనేవారు. మూడేళ్ళు అలా గడిచిపోయాయి.

ఆ మూడో ఏడు నాకు నాయిక వేషం ఇచ్చారు. మొదటి ఆట రేపల్లెలో. అమ్మకి కబురు పంపించాను. నేను ఆడటం అమ్మ అంతవరకూ చూడలేదు. ఇంక మూడు రోజులుందనగా పోస్టుమాను వచ్చి, రేపల్లె నుంచమ్మా అని ఒక ఉత్తరం ఇచ్చి వెళ్ళాడు. ఉత్తరాలు చదివిపెట్టే పని హార్మోనియం శాస్త్రిగారిది. ఆయన హార్మోనియం పెట్టె బాగుచేయించడానికి గుంటూరు వెళ్ళారు. విమల వాళ్ళక్క సీమంతానికి వేమూరు పోయింది. చిన్నపిల్లలు బడిలో ఉన్నారు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానో కనపడలేదు, కాస్త చదువు అన్నారు అత్తయ్యగారు.

రాదని చెబితే ఆ సాయంత్రం బండికే ఇంటికి పంపేస్తారు. నా వేషం, మా అమ్మ రాక, అన్నీ అక్కడితో సరి. ఉత్తరం విప్పాను. శాస్త్రిగారు చదివేటప్పుడు ఆ మాటలు ఎలా నడిచేవో చెవిలో ఉన్నాయి. అదే పద్ధతిలో అల్లుకుపోయాను. ఏర్పాట్లన్నీ అయ్యాయని, శనివారం పొద్దున బండికి అందరూ దయచేయాలని చెప్పాను.

"ఇంతేనా? రెండు వైపులా ఉందే," అన్నారు.

"వెనకవైపు క్షేమం అడిగారండి."

ఆవిడ ఉత్తరం మడిచి బొడ్లో దోపుకున్నారు.

శనివారం పెట్టెలూ తెరలూ మోసుకుని రేపల్లెలో దిగాం. ఆట ఆడవలసిన ఆవరణలో పందిరి లేదు. పందిరి గుంజలకి తవ్విన గుంటలు మాత్రం ఉన్నాయి. కబురు చేస్తే ఉత్సవం పెద్దమనిషి చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు. "రాశాం కదమ్మా, గుడి ధర్మకర్తగారు కాలం చేశారు, వచ్చే నెలకి మార్చామని. ఉత్తరం అందలేదా?" అన్నాడు. పాతికమందీ అత్తయ్యగారి వైపు చూశారు. మా అమ్మ అప్పటికే వచ్చి, ఊరివాళ్ళు నలుగురితో గోడవార నిలబడి ఉంది, చేతిలో సున్నుండల డబ్బాతో.

నా పేరు చెబుతారని తల వంచుకున్నాను.

"అందిందండి. నేనే చదువుకున్నాను. అద్దాలు లేక తేదీ తప్పు చూశాను. తప్పు నాదే," అన్నారు ఆవిడ.

శాస్త్రిగారు ఆవిడ వంక విచిత్రంగా చూశారు. ఇన్నేళ్ళలో ఆవిడ ఉత్తరం చదవగా ఆయన ఎన్నడూ చూడలేదు. మృదంగం ఆయన మాత్రం, పెద్దావిడకి మతి తప్పుతోంది, ఇంక సమాజం ఎవరికైనా అప్పజెప్పాలి అని అందరికీ వినపడేలాగే గొణిగాడు. ఆవిడ పెట్టెలు ఎత్తమని చెప్పి స్టేషను వైపు నడిచారు.

తిరుగు బండి సాయంత్రానికి గాని లేదు. ప్లాట్‌ఫారం మీద పెట్టెలు దించి తలో చోట చేరగిలబడ్డారు. అత్తయ్యగారు నన్ను చివర బెంచీ దగ్గరికి రమ్మన్నారు. బొడ్లోంచి ఉత్తరం తీసి నా ఒళ్ళో పరిచారు.

"ఇందులో రేపల్లె అని ఎక్కడుందో చూపించు," అన్నారు.

నా వేలు కాగితం మీదికి పోలేదు. ఏడుపు వచ్చింది. చెబితే పంపించేస్తారని చెప్పలేదన్నాను.

"నేనూ చూపించలేనే," అన్నారు.

అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మొదటి రోజు నేను మంగళహారతి వల్లిస్తుంటే ఆవిడ కళ్ళు ఎందుకు మూసుకున్నారో అప్పుడు తెలిసింది. "మా అమ్మ, మా అమ్మమ్మ, నేను, అందరం చెవితోనే నేర్చుకున్నాం, మాకు పలక ఎవరిచ్చారు?" అన్నారు ఆవిడ. నువ్వు పుస్తకం పట్టుకుని గడగడా చదివితే, పదమూడేళ్ళ పిల్లకి వచ్చింది నాకు రాకపోయెనే అని ఆ రోజంతా బాధపడ్డానే అన్నారు. ఇద్దరం ఒకరికొకరం భయపడుతూ మూడేళ్ళు ఒకే ఇంట్లో బతికాం. నవ్వాలో ఏడవాలో తెలియక నేను ముక్కు తుడుచుకుంటూ కూర్చున్నాను.

పంపించెయ్యలేదు. వదిలిపెట్టనూ లేదు. నెల తర్వాత రేపల్లెలో ఆట జరిగింది. నాయిక వేషం విమలకి ఇచ్చి, నన్ను చెలికత్తెల్లో నిలబెట్టారు. మా అమ్మ మళ్ళీ వచ్చి, వెనక వరసలో ఉన్న నన్ను చూసుకుని వెళ్ళింది. ఆ తర్వాత నేను ఆ వేషం చాలాసార్లు కట్టాను గాని అమ్మ చూడటం పడలేదు. అబద్ధానికి అది తగిన శిక్షే అని ఎవరన్నా అంటే ఒప్పుకుంటాను. ఒప్పుకున్నా ఆ కోపం మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆట ఆడకుండా రేపల్లె నుంచి తిరిగొచ్చిన వారంలోనే ఆవిడ పిల్లలందరినీ కూర్చోబెట్టి, నాకూ నాంచారికీ చదువు రాదు, రేపటి నుంచి నేర్చుకుంటాం అని చెప్పేశారు. పెద్దవాళ్ళు వద్దన్నారు, పరువు పోతుందన్నారు. పోయేదేదో రేపల్లెలోనే పోయింది అన్నారు ఆవిడ. రిటైరైన బడిపంతులమ్మ ఒకావిడ రోజూ పొద్దున గంటసేపు వచ్చేది. పదహారేళ్ళ నేనూ, యాభై దాటిన ఆవిడా పక్కపక్కన పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఎన్ని ముద్రలైనా పట్టే అత్తయ్యగారి చేతికి బలపం లొంగేది కాదు. నాకు త్వరగా వచ్చేసింది. ఒకరోజు ఆవిడ రాసిన అక్షరం చూసి, నేల మీద పగబట్టినట్టు రాశారేమిటండీ అని నవ్వాను. ఆవిడ పలక తుడిచేసి లేచి వెళ్ళిపోయారు. మూడు రోజులు చదువుకి రాలేదు. నాలుగో రోజు వచ్చి ఏమీ జరగనట్టు కూర్చున్నారు. క్షమించమని అడగాలనుకున్నాను. అడగలేదు.

డెబ్భైలు సగం అయ్యేసరికి ఆవిడ మోకాళ్ళు పూర్తిగా పోయాయి. బాపట్లలో చెల్లెలి ఇంటికి వచ్చేశారు. తెనాలిలో కొత్తపిల్లలకి నేర్పే పని నాకు పడింది. వారానికొక కార్డు రాసుకునేవాళ్ళం. ఆవిడవి ఒత్తులూ దీర్ఘాలూ సగం లేని పెద్ద పెద్ద అక్షరాలు. నేను పిల్లల సంగతులు రాసేదాన్ని. ఎవరి అడుగు కుదిరింది, ఎవరు బడి ఎగ్గొట్టారు, ఎవరికి గొంతు పట్టింది. అంతకుమించి ఏమీ రాసేదాన్ని కాదు.

చివరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు ఆవిడ మంచం మీదే ఉన్నారు. తలగడ కింద నుంచి నా కార్డుల కట్ట తీసి, చదువుతాను విను అన్నారు. ఒకటి కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, వేలు జరుపుకుంటూ, మాట తర్వాత మాట కూడబలుక్కుంటూ చదివారు. పిల్లల సంగతులు అయిపోయాయి. వేలు ఇంకా జరుగుతూనే ఉంది. "అత్తయ్యగారూ, మీరు లేక ఈ ఇల్లు ఇల్లులా లేదండి. ఆ రోజు నవ్వినందుకు ఏమీ అనుకోకండి," అని చదివారు.

ఆ మాటలు నేను రాయలేదు. అవునండి అన్నాను.

ఇప్పుడు నాకు లోపల చదువుకోవడం చేతకాదు. పేపరైనా, మందుసీసా మీద చీటీ అయినా, బస్సు మీద ఊరి పేరైనా పైకే చదువుతాను. ఇంట్లో విసుక్కుంటారు. చెవితో నేర్చుకునే మనిషి పక్కన పలక పట్టుకుని కూర్చోవడం వల్ల వచ్చిన అలవాటు ఇది. నేను గొంతు తగ్గిస్తే ఆవిడకి అందేది కాదు. కాస్త గట్టిగా చదవవే, నేనూ వస్తున్నా అనేవారు. ఒక్కో మాట దగ్గర ఆవిడ అందుకునేదాకా ఆగేదాన్ని. ఇప్పటికీ ఆగుతాను.