నగరికి వచ్చిన నాలుగిళ్లు

2022లో తిరుపతిలోని ఒక ఆసుపత్రిలో జెనెటిక్ కౌన్సెలర్‌గా చేసేదాన్ని. వంశంలో దిగే జబ్బుల గురించి కుటుంబాలకు వివరించడం నా పని. ఒక ఉదయం నగరి నుంచి మరమగ్గాల కుటుంబం వచ్చింది. నాలుగో నెల గర్భిణి సుమతి, భర్త మునిరత్నం, అత్త కుప్పమ్మ. మొదటి బిడ్డ అరుదైన నరాల జబ్బుతో ఏడాది నిండకుండానే పోయింది. కడుపులోని బిడ్డకూ అదే వస్తుందేమోనని భయం.

"మాది మేనరికం కాదు మేడమ్. గోత్రం వేరే, ఇంటిపేరు వేరే. దోషం ఈ పిల్ల రక్తంలోనే ఉండాది. పరీక్ష చేసి తేల్చండి, పుట్టింటికి పంపించేస్తాం," అంది కుప్పమ్మ.

నాకు ఒళ్లు మండింది.

"ఇద్దరికీ చేయాలి," అన్నాను.

"వాడికెందుకు? నా కొడుకు రాయి మాదిరి ఉండాడు!"

కోపం దిగమింగుకున్నాను. "ఫిన్లాండ్ అని మంచుదేశం ఉందమ్మా. అక్కడ మేనరికాలు లేవు. కానీ ఎప్పుడో కొద్దిమందే పోయి అడవుల్లో ఊళ్లు కట్టుకున్నారు. వాళ్ల సంతతే ఒకరినొకరు చేసుకుంటూ వచ్చారు. మొదటివాళ్లలో దాగిన లోపం ఇంటింటికీ పాకింది. దీన్ని ఫౌండర్ ఎఫెక్ట్ అంటారు. ఇంతకీ మీవాళ్లు నగరికి యాడ నుంచి వచ్చినారు?"

"కంచి పక్క నుంచి. నాలుగిళ్లోళ్లు మగ్గాలెత్తుకోని వచ్చినారంట. ఇప్పుడు వీధులకు వీధులు మావాళ్లే."

"సుమతి వాళ్లు?"

"వాళ్లూ ఆ నాలుగిళ్లలో..." కుప్పమ్మ ఆగిపోయింది.

"నువ్వు ఊరికే ఉండుమా," అంటూ మునిరత్నం చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

రక్తపరీక్షలో ఇద్దరూ క్యారియర్లేనని తేలింది. అంటే లోపం ఉంటుంది, జబ్బు రాదు. ఇద్దరి నుంచీ అది చేరితేనే బిడ్డకు ముప్పు. ఉమ్మనీరు తీసి పరీక్షకు పంపాం. ఫలితం వచ్చేదాకా "వచ్చిందా మేడమ్?" అని కుప్పమ్మ రోజూ ఫోన్ చేసేది. పుట్టింటి మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

చివరికి వచ్చింది. లోపం ఒకవైపు నుంచే చేరింది. "జబ్బు రాదు. అమ్మానాన్నల మాదిరే క్యారియర్, అంతే," అన్నాను.

సుమతి భోరున ఏడ్చేసింది. కుప్పమ్మ, "అయితే నా కొడుక్కి నా నుంచే వచ్చిందేమో గదా?" అంది. కావచ్చన్నాను. ఆమె కొంగుతో కోడలి ముఖం తుడిచింది.

ఆ తర్వాత "మేనరికమా?" అని అడిగి నేనెప్పుడూ ఊరుకోలేదు. మీ ఊరికి మొదట ఎన్నిళ్లోళ్లు వచ్చారనీ అడుగుతాను. మరుసటి ఏడు కుప్పమ్మ మళ్లీ వచ్చింది, పక్కన చిన్న కూతురు, కాబోయే అల్లుడు.

"మంచి సంబంధం మేడమ్, గోత్రం కలవలేదు," అంది. "రక్తం కూడా కలవకుండా ఉండాదా, సూడండి."