బోణీ కాకముందే మార్కెట్ సర్వే

ఆ రోజుల్లో కామర్స్ చెప్పాలంటే ఎం.కాం. ఫస్ట్ క్లాసూ, గట్టి గొంతూ ఉంటే చాలనుకునేవాణ్ణి. ఆ రెండూ నాకు దండిగానే ఉండేవి. గుడివాడలో ఓ ప్రైవేటు కాలేజీలో చేరిన నెలకే ప్రిన్సిపాల్ గారు పిలిచి, "మీ క్లాసులో పిల్లలు నిద్రపోతున్నారండీ. నెలాఖరుకి కూడా ఇలాగే ఉంటే మిమ్మల్ని పంపించెయ్యక తప్పదు" అన్నారు. అప్పటికే మా అమ్మ మా ఊరు పామిడిముక్కలంతా తిరిగి "మా వాడు లెక్చరరు" అని చెప్పేసింది (మాతో మాటల్లేనివాళ్ళకి కూడా!). ఉద్యోగం పోతే ఆ ఊళ్ళో బస్సెలా దిగను? చచ్చినా సరే, వీళ్ళకి పాఠం చెప్పి తీరాలని పంతం పట్టాను.

మర్నాడు తెల్లారేసరికి క్లాసు మొత్తాన్నీ కూరగాయల మార్కెట్టుకి తోలుకెళ్ళాను. "ధర అడగండి, రాసుకోండి, కదలండి. ఎవరూ ఏమీ కొనకూడదు" అని ఆర్డరు వేశాను. మొదట్లోనే వంకాయలమ్మే ఒకావిడ (ఊరందరికీ పిన్నే) అప్పుడే గోనెపట్టా పరిచి కూర్చుంది. మావాళ్ళు వరసగా వెళ్ళి "కేజీ ఎంతండీ?" అని అడగడం, రాసుకోవడం, పోవడం. పదోవాడి దగ్గర ఆవిడ లేచి కొంగు బిగించింది.

"బోణీ కాకుండా ఇంతమంది బేరమడిగి ఉత్త చేతుల్తో పోతే నా రోజేం కావాలర్రా? ఎవడయ్యా మీ మేస్టారు?"

అన్ని వేళ్ళూ నావైపే లేచాయి. నా క్లాసు ఒక్క మాట మీద నిలబడడం అదే మొదలు.

"సర్వే అండీ..." అని నసిగాను.

"సర్వేనా, నీ మొహమా! బోణీ సంగతే తెలీకుండా వీళ్ళకి వ్యాపారం చెబుతున్నావా బాబూ?"

సిగ్గుతో చచ్చిపోయాను. పారిపోదామనే అనిపించింది. కానీ వెనక్కి తిరిగి చూస్తే ఒక్కడి కళ్ళలోనూ నిద్ర లేదు! మొండిగా అక్కడే నిలబడి రెండు కేజీలు తూయించాను. ఆవిడ నా నోటు కళ్ళకద్దుకుంది. "తప్పయిపోయింది పిన్నీ. వీళ్ళకి నువ్వే చెప్పు, నేనూ వింటా" అని పట్టా పక్కనే చతికిలబడ్డాను.

"చెప్పడానికేముంది? గీచిగీచి బేరమాడేవాడు కొంటాడు. పుచ్చువి నువ్వే ఏరి పక్కన పడేస్తే రేపు మళ్ళీ నీ దగ్గరికే వస్తాడు. తెలీనిది తెలీదని చెప్పాలి, దబాయించకూడదు" అంది. రాసుకోమని నేను చెప్పకుండానే పిల్లలు రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను.

నెలాఖరున ప్రిన్సిపాల్ గారు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే ఒకమ్మాయి లేచి నాకు రాని ప్రశ్న అడిగింది. "నాకు తెలీదమ్మా, రేపు కనుక్కుని చెబుతాను" అన్నాను. ఇంక పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను. ఆయన మాత్రం బయటికొచ్చి, "నిద్రపోయేవాళ్ళు డౌట్లడగరండీ. మీరిక్కడే ఉండండి" అని వెళ్ళిపోయారు.

ఇప్పుడు కొత్తవాళ్ళని ఇంటర్వ్యూ చేసే కుర్చీలో నేనున్నాను. అదే అడుగుతాను: రాని ప్రశ్న వస్తే ఏం చేస్తారని. చాలామంది గడగడా ఏదో చెప్పేస్తారు. మొన్న బందరు నుంచి వచ్చిన కుర్రాడొకడు, "తెలీదని చెప్పేస్తానండీ" అని తల దించుకున్నాడు. ఉద్యోగం పోయిందనుకున్నాడు పాపం, చెవులు ఎర్రబడిపోయాయి. ఆ వయసులో నన్ను నేను చూసుకున్నట్టే ఉంది. నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. సోమవారం నుంచి రమ్మన్నాను.