చింతపండు నీళ్లు, సున్నం కుండీ

చలికొండల మీద పుల్లమట్టిలో పెరిగే అజేలియాను చందానగర్ డాబా మీద పూయించగలనని నమ్మినవాణ్ణి నేను. అప్పట్లో మాదాపూర్ బండల మధ్య కొత్తగా లేచిన అద్దాల మేడలో నా ఉద్యోగం. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోయి ఆగిపోతాయని, వాటిని కాపాడే మహానుభావుల్లో నేనొకణ్ణని నా గట్టి నమ్మకం. అంతటివాడికి ఒక మొక్క ఎంత!

మొక్క మా ఆవిడది. వాళ్ల నాన్న కూనూరు తేయాకు తోటలో గుమాస్తాగా చేసి పోయారు. క్వార్టరు ఖాళీ చేసినప్పుడు వాకిట్లోని అజేలియాకు కట్టిన అంటును రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. పుట్టి పెరిగిన ఇంటి నుంచి ఆమెకు మిగిలింది అదొక్కటే.

కొన్నాళ్లకు ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. "బోరు నీళ్లు దీనికి పడవండీ, వాననీళ్లయితే..." అని ఆవిడ మొదలుపెట్టింది.

"నువ్వుండు, పుస్తకం తెచ్చాను" అన్నాను.

ఎక్కడో మంచు కురిసే దేశంలో రాసిన పుస్తకం అది. నేల పుల్లగా ఉండాలంది. పులుపు సంగతి నాలాంటి తెనాలివాడికి ఒకరు చెప్పాలా? చింతపండు పిసికి పోశాను. పుల్లమజ్జిగ పోశాను. పులుపుకు ఎర్రగా, క్షారానికి నీలంగా మారే లిట్మస్ కాగితాలు కోఠీ నుంచి తెచ్చి, రోజూ తడిమట్టికి అద్ది, ఫలితాలతో చార్టు గీసి తలుపుకు అంటించాను. ఇంట్లో చారు చప్పబడిందేమో గానీ మొక్కకు మాత్రం లోటు రానివ్వలేదు.

ఆవిడ ఇంకో రెండుసార్లు ఏదో చెప్పబోయింది. "ప్రాసెస్ ప్రకారం వెళ్దాం" అన్నాను. మా ఆఫీసులో ఏమీ తెలియనప్పుడు అనే మాట అది. తర్వాత ఆవిడ నోరెత్తలేదు. ఒప్పుకుందనుకున్నాను.

ఇంతలో ఉగాది వచ్చింది. మా ఇంట్లో పండగంటే తులసికోటకూ కుండీలకూ సున్నం కొట్టి జాజు దిద్దాల్సిందే. బకెట్ నిండా సున్నం కలిపాను. అజేలియా మీద మమకారం ఎక్కువ కనుక దాని కుండీకి లోపలి అంచు దాకా రెండు పూతలు వేసి, చీమలు రాకుండా మొక్క మొదట్లో కూడా కాస్త చల్లాను. మర్నాటి నుంచి లిట్మస్ కాగితాలు నీలంగా మారుతుంటే, నాసిరకం సరుకు అంటగట్టాడని దుకాణదారుణ్ణి తిట్టుకున్నాను.

కింది వాటాలో ఉండే మా ఇంటి ఓనరమ్మ ఆ ఊరి మట్టిలోనే వ్యవసాయం చేసిన మనిషి. బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కి, కుండీ చూసి నిలబడిపోయింది.

"ఏంది సారూ, చింతపండు నువ్వే పోస్తివి, సున్నం నువ్వే కొడితివి. ఇగ అది ఏం గావాలె?"

ఇంటర్లో నాకు కెమిస్ట్రీలో డిస్టింక్షన్. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఎండలు ముదిరేలోపే మొక్క ఎండి పుల్లయింది. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, కోప్పడనూ లేదు. అందుకే నాకు మరీ భయం వేసింది. పారేయడానికి మనసొప్పక కుండీని అలాగే ఉంచి, వానలు మొదలయ్యాక ఒక ఆదివారం కిందికి మోసుకెళ్లాను.

పెరట్లో జామచెట్టు నీడన, పాత నూనె డబ్బాలో చిన్న అజేలియా. ఆకులు నిగనిగలాడుతున్నాయి. దాని మొదట్లో పరిచిన ఎండు సరుగుడు ఆకులు, పక్కన చూరు కింద వాననీళ్లు పట్టిన బిందె.

"మీ ఆమెనే కొమ్మ తెంపి పెట్టింది, చలికాలంల" అంది ఓనరమ్మ, దాచి లాభం లేదని. "సారుకు చెప్పకు, దీనికి గూడ మందు పోసి ఇలాజ్ చేస్తడు అన్నది."

సిగ్గుతో చచ్చిపోయాను. పైకెళ్లి తలుపు మీది చార్టు చింపేశాను. ఆవిడ వంటింట్లో చారుకు పోపు పెడుతోంది.

"కింద మొక్కకు నీళ్లు ఎప్పుడెప్పుడు పోయాలి?" అని అడిగాను. పెళ్లయిన నాలుగేళ్లలో తెలియక ఆమెను ఒక మాట అడగడం అదే మొదలు.

ఆవిడ గరిటె ఆపి నా ముఖంలోకి చూసింది.

"మీరు పోయకండి" అంది.